పదకొండు మీటర్లు

మల్ఖాజ్‌కి మూడు పెట్టెలు నచ్చాయి.
మూడూ నల్లవే, మూడూ బరువే,
మూడింటి ముఖానా గుండ్రటి మీట.
నాలుగు నెలలు రాత్రుళ్ళు వాటి కాగితాలే చదివాడు
దీపం ఆర్పమన్నా వినకుండా.

మొదటిది శబ్దాన్ని పదహారు దారుల్లో పంచుతుంది.
"మనకున్నవి ఏడు స్పీకర్లు,
మిగతా తొమ్మిది దారుల్లో ఎవరు నడుస్తారు?"
"రేపు చూద్దాం" అన్నాడు.
అతని రేపు ఎంత ఖరీదో
ధర చీటీ తిప్పి చూశాక తెలిసింది.

రెండోది ఎవరో వాడి వదిలేసింది,
బతూమి నుంచి వచ్చింది, సముద్రపు గాలి తిన్నది.
ఏమీ మోగనప్పుడు చెవి ఆనిస్తే
లోపల ఎవరో గింజలు చెరుగుతున్నట్టు సన్నటి రొద.
నాకదే నచ్చింది.
ఖాళీగా ఉన్నప్పుడూ ఏదో పని చేసుకునేవాళ్ళంటే
నాకు గౌరవం.
అతను పెదవి విరిచాడు.

మూడోది, నోరు విప్పేముందు గదిని కొలుస్తుంది.
చిన్న మైకు చేతికిచ్చి
నీ తల ఉండేచోట దీన్ని ఉంచు,
కాసేపు నోరు మూసుకో, అంటుంది.
"ఎలాంటి గదినైనా దారికి తెస్తుందండీ" అన్నాడు
కొట్లో కుర్రాడు బాద్రీ.
మల్ఖాజ్ నావైపు చూశాడు.
నేను నేలవైపు చూశాను.

మా గది సంగతి బాద్రీకేం తెలుసు?
గోళీ వదిలితే దానంతటదే పొయ్యిదాకా పోతుంది.
నాలుగు మూలల్లో ఏ రెండిటికీ పొత్తు కుదరదు.
ఒక పక్కంతా అద్దాల వరండా,
దాని కింద వాకిలి, తొమ్మిది కాపురాలు,
ఒక ద్రాక్ష పందిరి, ఒకే ఒక్క కుళాయి.
గోడలకి చెవులుంటాయంటారు.
మా త్బిలిసి గోడలకి నోళ్ళు కూడా.

ఆదివారం కొలత.
ముక్కాలి మీద మైకు, సరిగ్గా తన చెవులంత ఎత్తున.
ఒక్కో స్పీకరూ పాతాళం నుంచి పైకప్పు దాకా
"ఊ... ప్" అని ఈలేసింది.
మొదటిసారి కింద సియూరి అక్రోట్లు దంచుతోంది.
చప్పుడెక్కువ, మళ్ళీ, అంది పెట్టె.
రెండోసారి ఆ ఈలకి జుంబెర్ కుక్క బదులిచ్చింది.
మల్ఖాజ్ వరండాలోకి పోయి టోపీ తీసి
"పది నిమిషాలు! మీ పిల్లల మీద ఆన, పది నిమిషాలు!"

సియూరి రోకలిని ఒళ్ళో పడుకోబెట్టుకుంది.
జుంబెర్, గోచా బల్లకి చెరో కొసన.
మురుగు గొట్టం తగువుతో నాలుగేళ్ళుగా మాటల్లేవు,
ఆ ఇద్దరికీ కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు.

ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో మొదటిసారి విన్నాను,
ఎండు తీగ పందిరి ఇనుముని గీరుకోవడం,
ఎవరి కడుపో గురగురమనడం,
కుళాయి.
టప్.
చాలాసేపటికి, టప్.

"ఎవడు దాన్ని సరిగా కట్టనిది?" జుంబెర్ గొంతు.
"నువ్వే, ఇంకెవడు!" గోచా.
కొలత మళ్ళీ చెడింది.
మల్ఖాజ్ తిట్టబోయి, ఎందుకో, మింగేశాడు.

నాలుగోసారికి కుదిరింది.
తెర మీద అంకెలు పడ్డాయి.
ముందు కుడి, రెండున్నర మీటర్లు. ముందు ఎడమ, అంతే.
వెనక ఎడమ, పదకొండు.
మా గది పొడవే ఐదు.
వరండా తలుపు మూయడం మరిచాడు,
సోఫా వెనకున్న ఆ స్పీకరు
వాకిలి అవతల గోచా కిటికీ కింద ఉందనుకుంది పెట్టె.
"దిద్దు" అన్నాను.
మీట మీద వేలు పెట్టాడు. తీశాడు.
"ఉండనీ."

బిల్లు దుప్పట్ల కింద దొరికింది, ఆ సంగతి వేరే.

రాత్రి సినిమాలో వాన.
దూరాన ఉన్నవాడికి ముందు వడ్డించి
దగ్గరివాళ్ళు కంచాల ముందు ఆగినట్టు
ఆరు స్పీకర్లూ క్షణంలో పిసరంత ఆగాయి.
చినుకు వెనక ఎడమ పక్క మొదలైంది.
కింద సియూరి
తీగ మీది బట్టలు తీయడానికి
పరుగెత్తిన చప్పుడు.