మిగిలినవి

కోరుట్ల డిగ్రీ కాలేజీలో
ఇరవై కంప్యూటర్లకు ఏడు లేస్తాయి.
ఒక్కోదాని ముందు ముగ్గురు,
మధ్యలో కూచున్నవాళ్లకే కీబోర్డు.

జగిత్యాల నుంచి పల్లెవెలుగులో వస్తూ
నేను రోజూ వెతికేది ఒక్కటే:
ఇవాళ వీళ్లకు దేన్ని చూపించి చెప్పాలి?

పుస్తకంలో కుందేళ్ల జంట ఉంది.
నెలకో జంటను కని
పేజీ నిండా అంకెలు పరుస్తుంది.
"కుందేళ్లు సచ్చిపోవా మేడం?"
వెనక బెంచీ అడిగింది.
పుస్తకంలో చావవు అన్నాను.
ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు.

క్రికెట్ స్కోరు తెచ్చాను. నలుగురు మగపిల్లలు
నన్ను వదిలేసి మ్యాచ్‌లోకి వెళ్లిపోయారు.
విమానం టికెట్లు, పిజ్జా ముక్కలు...
నాకే సిగ్గేసి మధ్యలో తుడిచేశాను.

ఇంకా దగ్గరికి పోదామనుకున్నాను.
తేమ పదిహేడు దాటితే వడ్లు వాపసు,
లేకుంటే కాంటా.
ఎంత పొందికైన షరతు! రెండే దారులు.
బోర్డు మీద బాణాలు గీసి తిరిగి చూస్తే
తోకల నరేష్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.
వాళ్ల కుప్ప తొమ్మిది రోజులుగా
సెంటర్ ముందు టార్పాలిన్ కింద ఉందని,
అడుగు గింజలకు మొలకొచ్చిందని
ఇంటర్వెల్లో తెలిసింది.
నా రెండు బాణాల్లో ఏదీ
వాళ్ల నాయన నిలబడ్డ చోటికి పోదు.
ఆ రాత్రి నోట్సులో ఆ పేజీ మడిచాను,
చింపలేదు.

బుధవారం శేషం చెప్పాలి.
అటో సున్నా ఇటో సున్నా, మధ్యన వాలుగీత.
"శాతం మేడం" అన్నారు అందరూ.
శాతం కాదు, భాగించాక మిగిలేది.
పదిహేడును అయిదుతో అని మొదలుపెడితే
ఆరో తరగతి నిద్ర
వాళ్ల కళ్లలోకి తిరిగొచ్చింది.

జిందం రోహిణి మాత్రం నిద్రపోలేదు.
ఆ పిల్ల వేళ్లు బల్ల కింద ఎప్పుడూ
లేని ఆకును చుడుతుంటాయి,
లేని అంచును మడుస్తుంటాయి.
"మేడం, కట్టలు కట్టంగ మిగిలినయా?"
ఏం కట్టలు?
"బీడీలు. ఇరవై అయిదుకో కట్ట.
అమ్మ చుడితే నేను కడుత.
ఆఖరికి కట్టకు సాలనియి ఉంటయి గద?"
వాటినేం చేస్తారు?
"రేపటిల్ల కలుపుతం."

సుద్దముక్క నా చేతిలోనే ఉంది.
పదకొండేళ్లుగా చెబుతున్నాను,
శేషం రేపటికి పోతుందని
నాకెవరూ చెప్పలేదు.
క్లాసులో సగం ఇళ్లలో చాట ఉంది,
చాటలో తునికాకు, తంబాకు, దారం రీలు.
తెల్లారకముందే అరుగుల మీద తిరిగే లూపు
బస్సు కిటికీలోంచి నేను రోజూ చూసినదే.

ఇది కూడా ఎవరికైనా గుచ్చుకుంటుందా అని ఆగాను.
ఖార్ఖానాలో విరిచి పారేసేవాటి సంగతి
నేనుగా ఎత్తలేదు.
వాళ్లే ఎత్తారు, నవ్వుతూ, తిడుతూ,
ఒకరి లెక్క మీద ఒకరు పడుతూ.
ఎవరిది వాళ్లే మోసుకొస్తే
బరువుండదేమో. నాకు తెలియదు.

రోహిణి నిన్నటి లెక్క కొట్టింది:
ఎనిమిది వందల డెబ్బయి.
ముప్పై నాలుగు కట్టలు. మిగిలినవి ఇరవై.

నేను చప్పట్లు కొట్టబోతుంటే
ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.
"పద్దెనిమిదే మేడం.
రెండు మా తాత తాగిండు."

ఇంకో వేరియబుల్ కావాలి,
పేరేం పెడదాం అన్నాను.
ఎక్స్ అనలేదు ఎవరూ, వై అనలేదు.
నరేష్ కిటికీ వదిలి ఇటు తిరిగి
అందరికంటే ముందు అరిచాడు,
"తాత!"