ఇసుక మీది పొర

తాళంచెవి ఇదిగో, ఎదెల్మీరా.
ఈ ఎత్తులో చలికి తాళం బిగుసుకుంటుంది,
గుప్పిట్లో పట్టి కాసేపు ఊదు, తర్వాత తిప్పు.
కంచె తలుపు వెంటనే వెయ్యి,
అల్పాకాలకి ఈ నీళ్లంటే మహా ఇష్టం.

తొట్లు రెండు. ఈరోజు ఎడమదాని వంతు.
కుడిది ఇచుపంపాకి నీళ్లిస్తూ ఉంటుంది.
రెండూ ఒక్కసారి ఆపకు,
మేయరు కూతురి పెళ్లైనా సరే.

గోడ మీద ఆ గీత నేనే మేకుతో గీశాను.
నీళ్లు అక్కడికి ఎక్కి నిలబడ్డాయంటే
ఇసుకకి ఊపిరాడటం లేదన్నమాట.
అప్పుడు దించు, ఇసుక కింద బెత్తెడు దాకా.
పలక వేసి దాని మీద మోకాళ్లూను,
పార వాల్చి గోరంత మందం గీకు.
ఆకుపచ్చగా, జిగటగా, మీగడలా లేస్తుంది.
కంపే. కానీ చీదరించుకోకు.
కంటికానని ప్రాణాలు అందులో కాపురముండి
మన కడుపుల్లో పడాల్సిన రోగాలని
ఇన్ని నెలలూ మేసి బతికాయి.

మొదట్లో నాకిది తెలియదు.
పనిలో చేరిన ఏడాది, మురికి అనుకుని
రెండు తొట్లూ ఒకే పూట
పండక్కి గిన్నెలు తోమినట్టు తోమేశాను.
అద్దంలాంటి నీళ్లు కిందికి పంపాను.
సంఘం చప్పట్లు కొట్టింది.
పదో రోజు హెర్మెనెహీల్దా చిన్నకొడుకుని
గాడిద మీద ఆస్పత్రికి తీసుకెళ్లారు, నాలుగు గంటల దారి.
బతికాడులే. ఇప్పుడు బడి జట్టుకి గోల్‌కీపరు.
ఆమె మాత్రం
ఉడికిన దుంపలు నా చేతిలో పెడుతూ
ఇప్పటికీ నా మొహంలోకి చూడదు.

గీకిన ఇసుక పారెయ్యకు, కడిగి ఆరబెట్టు,
ఏదో ఒక ఏడు మళ్లీ పరవాలి.
నీళ్లు నింపేది కింది గొట్టం నుంచి, మెల్లగా,
బుడగలన్నీ లేచి చిట్లేదాకా.
ఆ తర్వాత పనేమీ లేదు. ఆగడమే.
తొలి నీళ్లు వాగు పాలు. వారం, చలికాలమైతే రెండు.

కార్నివాల్ వస్తుంది, చల్లుకోడానికి నీళ్లు కావాలంటారు.
నెలకి మూడు సోళ్లు కడుతున్నాం కదా అంటారు.
సీసా ఎండకెత్తి, "తేటగానే ఉన్నాయిగా!" అంటారు.
సీసా అబద్ధమాడదు,
తెలిసినంతే చెబుతుంది.
ఆ నెల్లోనే వాగు బంకమట్టి రంగులో దిగుతుంది,
పై కవాటం కట్టేసి తిట్లు తిను.
పుస్తకంలో తిట్లకి గడి లేదు:
తేదీ, నీటిమట్టం, గీకిన మందం, అంతే.
నేను అంచుల్లో రాసుకున్నాను కొన్ని.
చదివితే ఎవరికీ చెప్పకు.

నా మోకాళ్లు ఇక వంగవు.
పలక మీద ఆ రెండు గుంటలు నావే.
నీకు కుదరకపోతే
తిరగేసి వేసుకో.