జండా బిళ్ళలు

ఆగస్టు పదమూడు. గుంతకల్లు మెయిన్ బ్రాంచి.
మేనేజరు అటెండరు చేత మూడు రంగుల తోరణం కట్టిస్తున్నాడు,
నిచ్చెనకి ఒక కాలు కురచ.
గోడ మీద కొత్త పోస్టరు: స్మారక నాణెం, ముఖమల్ పెట్టెలో.
దాని మొహాన రాసిన విలువ ఒకటి, అడిగే ధర ఇంకొకటి.
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

పదకొండింటికి దూదేకుల మాబున్ని వచ్చి
నా కౌంటరు మీద పాలపొడి డబ్బా బోర్లించింది.
ఆ చప్పుడుకి
క్యూలోని పంటబీమా రైతులు మాట ఆపారు.

అన్నీ అర్ధరూపాయలే. అన్నీ ఒకే ఏడాదివి.
స్వాతంత్ర్యానికి యాభై నిండాయని ఢిల్లీలో కొట్టించిన,
నడిచే మనుషుల బొమ్మ ఉన్నవి.
"జండా బిళ్ళలప్పా. చెల్తాయా?"

చెల్తాయి, అన్నాను.
ఆ ఒక్క మాటకి
పక్క కౌంటరులో రెండు టోకెన్లు దాటిపోయినాయి.

ఆ పొద్దు రైల్వే స్కూలు గ్రౌండులో
ఏసురత్నం సారు మా ఆరో తరగతిని వరసగా నిలబెట్టి
మనిషికొక బిళ్ళ, మనిషికొక బొరుగుల ఉండ పంచినాడు.
"ఖర్చు పెట్టొద్దురా, దాచుకోండి. ఇది చరిత్ర."
చరిత్ర నిక్కరు జేబులో వేడిగా ఉండింది.
గేటు బయట ఉడకేసిన బుడ్డల గంప
ఇంకా వేడిగా ఉండింది.

ఐసు బండాయన బిళ్ళ తిప్పి చూసి, బొమ్మ వేరే ఉంది పోరా అన్నాడు.
శెట్టి అంగట్లో గల్లాపెట్టె మూత కూడా లేవలేదు.
చెల్లదని మాకు అప్పటికే తెలుసు.
తెలిసే ఆమె దగ్గరికి పోయినాం.

ఆమె ఎండకి పట్టి చూసింది. పంటితో కొరికి చూసింది.
"పండగ పూట పిల్లోళ్ళని వాపసు పంపుతానా!"
గ్లాసు నిండా కొలిచి,
పైన గుప్పెడు కొసరు.

ఇప్పుడు లెక్క పెడుతున్నాను,
పదేసి దొంతరలు ఆరు, విడిగా మూడు.
ఆమె నా వేళ్ళనే చూస్తూ చెప్పుకుంటా పోతోంది:
"నూనె అంగడోడు తీసుకోల్యా. కండక్టరు తీసుకోల్యా.
మా ఆయన దర్గా హుండీలో ఎయ్యమన్యాడు.
చెల్లనిది దేవునికి మాత్రం ఎట్లేసేదప్పా?"

నాలుగో దొంతరలో ఒకదాని మీద
సింహాల పక్కన కాంపాసు ముల్లుతో గీకిన 'ఓ'.
నా కోటు జేబు మీద ప్లాస్టిక్ బిళ్ళలో నా పేరు:
ఓబులేసు, క్యాషియర్.
ఆమెకు చదువు రాదు.

ముప్పై ఒక్క రూపాయి యాభై పైసలు.
పది కాగితాలు మూడు, రూపాయి ఒకటి.
అర్ధరూపాయి నా డ్రాయరులో లేదు, ఈ ఊళ్ళోనే లేదు,
నా ముందున్న ఈ గుట్టలో తప్ప.

"ముప్పై రెండు తీసుకో పెద్దమ్మా."
"నీ అర్ధరూపాయి నాకెందుకు? నా లెక్క నాకియ్యి."

అరవై మూడింట్లో ఒకటి ఏరాలి.
వేలు 'ఓ' మీదికి పోయింది,
వెనక్కి వచ్చింది,
మళ్ళీ పోయింది.

ఆమె అరచేతిలో వేసుకుని నవ్వింది.
"మార్చుకుందామని వస్తే దీన్నే ఇస్తివి గదా!"
బొటనవేలితో తడిమింది.
"ఎవడో అల్లరి నాయాలు గీకినాడు సూడు."
అవును, అన్నాను.

కొంగున ముడేసుకుంది.
ఎల్లుండి గ్రౌండు కాడే ఉంటానంది.
ఇప్పటి పిల్లోళ్ళు ఫోన్లు చూపిస్తారంట,
టింగుమంటుందంట, దుడ్డు యాడ పడిందో తెలీదంట.
ఖాళీ డబ్బా మూత బిగించి, చంకన పెట్టుకుని పోయింది.

వెనకాలే తోరణం ఒక కొస ఊడి
ముఖమల్ పెట్టె పోస్టరు మీద వేలాడింది.
నిచ్చెన మీంచి అటెండరు మేకు అడిగాడు.
నా దగ్గర లేదు.
గుండుసూది ఇచ్చాను.