మూతపెట్టిన గిన్నె

డండీలో మూడున్నరకే చీకటి.
నా మెథడ్ మీద మోరాగ్ ఎర్రగీత:
"ఉత్త 'ఆబ్జెక్ట్' అని తిప్పి పంపుతావేం?"
మూతపెట్టిన గిన్నె చేతికిచ్చి
కూరో చారో నువ్వే చూసుకోమన్నట్టు.

రాత్రి రెండింటికి సర్వర్ మూత తీసింది:
రక్తపరీక్ష రిపోర్టు ఉండాల్సిన చోట
వార్డు పేరు.
అక్కడే కూలబడింది.

సరే, దిద్దాను. ఈసారి ఇంటిపేరుతో సహా రాశాను.
"మరీ ఇంత కచ్చితంగానా?
రేపు లోపల ఏం మార్చినా
పిలిచిన ప్రతివాడూ నిలదీస్తాడు.
నిలబెట్టుకోగలిగినంతే మాటివ్వు."
'రిపోర్టుల లిస్టు' దగ్గర రాజీపడ్డాం.

లిఫ్టులో అడిగింది, నా స్కాన్ ఏమైందని.
"బానే ఉంది" అన్నాను.

టే నది మీద సన్నటి వాన.
ఆమె మూత తీయలేదు.
బస్టాపు దాకా ఆ గిన్నె పట్టుకునే
నా పక్కన నడిచింది.