స్పైరల్ బైండింగ్

తార్నాకల నా జిరాక్స్ దుకాణం.
రేబ్వార్ థీసిస్ తెచ్చిండు, మూడు కాపీలు.
కరెంటు లేదు. వచ్చేదాకా కూసోమన్న.

ఫోన్ల వీడియో చూపెట్టిండు.
వాళ్ల కొండలు. ఎండిన గడ్డి. ఒక గుహ నోరు.
పెండ్లిల బగారన్నం వండేటంత డేగిస.
ఒక్కొక్కలే వచ్చి తుపాకి అండ్ల పెడుతున్నరు.
పెడుతున్నరు, పారేస్తలేరు.
ఆ తేడా నా చేతులకు ఎరుకే.

"అగో, ఆమె మా అక్క రోజిన్.
చూసి పదహారేండ్లాయె.
జడ గట్లనే ఉన్నది."

మంట లేచింది.
కట్టె కాలుతది, ఇనుము ఉత్తగ నల్లవడుతది.

"అన్నా, గుట్ట దిగినోళ్లతోని రాజకీయం అయితదా?"
సగం హిందీల, సగం ఇంగ్లీషుల అడిగిండు.
నేనెవలో వానికి తెల్వదు.

నేను దిగిననాడు మంట లేదు.
టేబుల్ మీద ఆకుపచ్చ గుడ్డ.
తుపాకి నంబరు రెండుసార్లు తప్పు రాసి
కొట్టేసిండు క్లర్కు.
చెక్కు ఫొటోకు ఇచ్చి, మళ్ల తీసుకున్నరు.
పందొమ్మిదేండ్లు ఎవ్వలూ పిలువని పేరు
ఓటరు కార్డు మీద అచ్చేసిచ్చిండ్రు.

కార్పొరేటర్‌గ నిలవడ్డ.
అఫిడవిట్‌ల కేసుల గడి సాలక
కాగితాలు అతికిచ్చిన.
గుర్తు, ఈల.
అడవిల ఒక్క ఈలకు దళమంత లేస్తుండె.
లాలాగూడ గల్లీలల్ల ఎంత ఊదినా
కుక్కలే లేసినయ్.
నూట డెబ్బయి మూడు ఓట్లు.

ఇదంత వానికి చెప్పలే.
మోరి సంగతి చెప్పిన.

"మా గల్లీల ఫాతిమున్నీసా అని ముసలామె.
మోరి ఎప్పుడు తీయిస్తవని అడిగితే
రాజ్యం గురించి చెప్పిన నేను.
తలుపేసుకున్నది.
మల్లొకసారి పోయిన. బెల్లు కొట్టి నిలవడ్డ.
తలుపు తీసేదాక నిలవడుడు,
అదే రాలేదు నాకు అంతకుముందు.
అర్జీ రాసుకొని సర్కిల్ ఆఫీసుకు పదకొండుసార్లు.
రేపు రా అంటే, రేపు పోయిన.
సగం గల్లీదాక తీసిండ్రు."

వాడు ఫోన్ దిక్కే చూస్తుండు.

"మీ అక్క కింద పెట్టింది సరే,
అవతలోళ్లు ఏమన్న కింద పెట్టిండ్రా?"

వీడియో ఎనుకకు జరిపిండు, ముందుకు జరిపిండు.
"ఇండ్ల లేదన్నా."

కరెంటొచ్చింది. ఫ్యాను మూలిగింది.
కాగితాల అంచుకు బెజ్జాలు కొట్టిన.
ప్లాస్టిక్ తీగ ఒక్కో బెజ్జంల దూరుకుంట,
ఒక తాన ఇరికింది. తీసి, మళ్ల తిప్పిన.

పైసలిచ్చి మెట్లు దిగి, మళ్ల ఎక్కొచ్చిండు.
"అన్నా, ఆ మోరి ఇప్పుడు పారుతదా?"

ఆకాశం దిక్కు చూసిన.
"వానొస్తే తెలుస్తది."