బయటి తీగ

మొయినాబాద్ దాటినంక ఎడమకు మట్టి తొవ్వ.
అర ఎకరం, చుట్టూ ముళ్ళకంచె.
ఇరవై నాలుగు సోలార్ పలకలు నా చేతులతోనే బిగించిన.
ఆఖరి పలక ఎక్కినంక నిశాంత్ సారు
నిచ్చెన పట్టుకొని నిలబడి అన్నడు:
"ఎఫ్రాయిం, ఇక నాకు ఎవరితోనూ పని లేదు."
నిచ్చెన కింద ఆయన, నిచ్చెన మీద నేను.
నవ్వొచ్చింది గని
నోట్ల స్క్రూలున్నయ్.

వాన నీళ్ళకు ట్యాంకు, వంటింటి చెత్తకు గ్యాసు,
మట్టి లేకుండనే పైపులల్ల పాలకూర,
రెండు కోళ్ళు, రెండిటికీ పేర్లు.
గోడకు ఒక ఫొటో: ఎక్కడిదో పొలం,
గుర్రపు బండి, నల్ల టోపీలు, గుండీల్లేని కోట్లు.
"వీళ్ళే నాకు గురువులు," అన్నడు సారు,
"కరెంటు తీసుకోరు. ఎవరినీ అడగరు."

అసుంటి ఫొటో నేను చిన్నప్పుడు చూసిన.
మలక్‌పేటల మా మెన్నొనైట్ గుడి వెనక గదిల
నాయినమ్మ సంతోషమ్మ బొంతలు కుట్టేది.
దొరసాని ఇచ్చిపోయిన క్యాలెండరు,
ఏండ్లు గడిచినా మేకు దిగలే.
అండ్ల ఒక కొట్టం లేస్తున్నది,
దూలాల మీద పిట్టల్లెక్క మనుషులు.
"వీళ్ళు మనోళ్ళేనా?"
"దాయాదులు బిడ్డా. మనం బస్సెక్కినం, వాళ్ళు ఎక్కలే."
"కొట్టం ఎవలిది?"
సూదిల దారం ఎక్కిస్తూ, కండ్లు చికిలించి
"ఎట్ల తెలుస్తది, అందరూ ఎక్కిండ్రు గదా" అన్నది.

వాళ్ళకు కరెంటు మీద పగ లేదంట.
బయటి తీగ ఇంట్లకొస్తే
పక్కింటికి పోయే తొవ్వ మీద గడ్డి మొలుస్తదని భయమంట.
నిజమో, కాదో.
నాయినమ్మ షాద్‌నగర్ దాటి ఎన్నడూ పోలే.

సారుకు ఈ ముచ్చట చెప్పలే.
చెప్తే మా అక్క ముచ్చట సుత చెప్పాలె.
ఎస్తేరు బయటోన్ని చేసుకున్నదని
అందరూ కలిసి కుట్టే బొంతల నుంచి
ఆమె కుట్టిన ముక్కలు విప్పదీసిండ్రు.
విప్పిన చేతులల్ల నాయినమ్మవి సుత ఉన్నయ్.
అందరూ ఒకరికొకరు ఆనుకొని కూసున్న ఇంట్ల
జరిగి కూసునేటోళ్ళకు జాగ దొరకదు.
అందుకే నేను ఏ దిక్కూ కాదు.
ఫోనున్నది, బండికి కిస్తులున్నయ్,
ఆదివారం గుడి దాకా పోత,
కొన్నిసార్లు ఎదురుంగ చాయ్ తాగి మర్లొస్త.

ఆ అక్టోబరుల
మూసీ ఒడ్డు బస్తీలల్ల మోకాటి మట్టం నీళ్ళు.
సిటీ సగం చీకటి.
గుడి తలుపులు తెరిచిండ్రు, బొంతలన్నీ బయటికొచ్చినయ్.
మిత్తికిచ్చే యాదమ్మ, ఆమెకు బాకీ ఉన్న రహీమా
ఒక్క బొంత కింద, ఒకరి మొఖం ఒకరు చూడకుండ.
ఎస్తేరు సుత వచ్చింది, ఇద్దరు పిల్లలతోని, తడిసి.
రమ్మని ఎవ్వరూ అనలే. పొమ్మనీ అనలే.
ఎవరో ఒక బొంత చివర ఆమె చేతికిచ్చి
"దులపాలె, గట్టిగ పట్టుకో" అన్నరు.

రాత్రి రెండింటికి ఫోను. నిశాంత్ సారు.
ఇన్వర్టర్ పోయిందనుకున్న.
"లేదు, అన్నీ పనిచేస్తున్నాయి.
కనపడినంత మేర నా ఇంట్లోనే వెలుతురు.
కోళ్ళు కూడా నిద్రపోవట్లేదు."
కొద్దిసేపాగి
"బ్యాటరీ ఎన్నాళ్ళొస్తుంది?"
"మూడు రోజులు సార్."
"మూడు రోజులా," అన్నడు,
జడ్జి నోటి నుంచి విన్నట్టు.

ఆయన ఫోను పెట్టలే. నేనూ పెట్టలే.
"ఆ చప్పుడేంటి?"
"బొంత దులుపుతున్నరు సార్."
"అది?"
"ఎవరో ముసలాయన దగ్గు."
"అది?"
"వాన సార్. మీ దగ్గర సుత అదే."
ఊఁ అన్నడు. ఇంటనే ఉన్నడు.
నా ఫోనుల నాలుగు శాతం మిగిలింది.
ఆయనకు చెప్పలే.