కెటిల్ ఎవరు పెట్టారు

గ్రిమ్స్‌బీలో, చేపల వాసన వదలని పబ్ మేడమీద
ఆ పాత డిటెక్టివ్ సీరియల్ మనుషులు ఐదుగురు.
నేను వాన తప్పించుకోడానికి ఎక్కినవాణ్ణి.

ఖాళీ ఇంట్లో గంట మోగించింది తాడు.
మెట్ల మీద తడి అడుగులు మేనల్లుడివి.
అన్నీ విప్పేశాడు ఇన్‌స్పెక్టర్.
పోతూ పోతూ, వంటింట్లో
ఈలేస్తున్న కెటిల్ కింద స్టవ్ కట్టేసి
టోపీ పెట్టుకున్నాడు.
అది ఎవరు పెట్టారు?

"పొరపాటు" అని కొట్టిపారేశాడు డెస్మండ్,
ముప్పయ్యేళ్లుగా కొట్టిపారేస్తున్నట్టే.
"తెలుసు గనకే అడగలేదు."
గ్లెనిస్ గొంతు తగ్గించింది.
బల్ల కింద ఎవరి కాళ్లో దగ్గరికి ముడుచుకున్నాయి.

విల్ఫ్ గ్లాసు అంచు తుడుస్తున్నాడు.
నవంబరులో భార్యను సాగనంపాడట.
"ఎవరైతేనేం" అన్నాడు,
"నీళ్లు మరిగాక కట్టేసి పోతారా?
రెండు కప్పుల్లో పోయాల్సింది."

వాన ఎప్పుడు ఆగిందో చూసుకోలేదు నేను.